కట్టుడు పళ్ళూ, పదకొండు రోజుల సూపూ

"ఇవి ఈల వేస్తున్నాయి," అంటూ ఆమె చేతిరుమాలు విప్పి టేబుల్ మీద పెట్టింది.

రుమాల్లో పై వరస, కింది వరస, బుద్ధిగా ఇరవై ఎనిమిది కట్టుడు పళ్ళు. వాటిని తయారుచేసినవాడు ఎదురుగా కూర్చుని ఇంకెవరి దవడకో మైనం అద్దుతున్నాడు. డెంటిస్టు పంపిన అచ్చు చూసి పళ్ళసెట్లు చెయ్యడం అతని పని. ఆ పని చేసే గది చిన్నది. దాని గోడల మీదా, అతని కనుబొమల మీదా ఒకే రకం తెల్లటి ప్లాస్టర్ దుమ్ము. వీధి వీధంతా అతన్ని పళ్ళబ్బాయి అంటుంది.

"నా సెట్లు ఈల వెయ్యవండీ," అన్నాడు తలెత్తకుండానే.

"మరి మా తాతయ్య నోట్లో ఎవరు వేస్తున్నారు? నేనా?"

అప్పుడు తలెత్తాడు. నీలం చొక్కా, దానిమీద డ్రైవింగ్ స్కూల్ బ్యాడ్జీ, వేలి చుట్టూ తిరుగుతున్న కారు తాళాలు, ఎర్రలైటు దాటేసిన స్టూడెంటుని చూసే చూపు. ఆ చూపు తనమీదే ఉందని అర్థం కావడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది. మనిషి బాగుందని అర్థం కావడానికి అంత కూడా పట్టలేదు.

"డాక్టర్ గారికి చూపించండి. నేను పేషెంట్లని చూడను. పళ్ళు మాత్రమే చేస్తాను."

"డాక్టర్ గారు పది రోజులు సెలవు. అందుకే చేసినవాణ్ణే పట్టుకున్నాను. ముందు ఇది వినండి."

ఫోన్‌లో రికార్డు చేసింది నొక్కింది. లోపలి నుంచి ఒక ముసలి గొంతు: "సాయంత్రం సూపు సంగతి చూడమ్మా, సన్నబడిపోతున్నాను." ప్రతి 'స'కీ వెనకాల ఒక ఈల, తోక పట్టుకుని వచ్చినట్టు వచ్చింది.

పళ్ళబ్బాయి ఆపుకుందామనే అనుకున్నాడు. మైనం ముద్ద చేతిలోంచి జారిపడేంత నవ్వు వచ్చేసింది.

"నవ్వండి, నవ్వండి. ఆయన ముప్పై ఏళ్ళు ఫుట్‌బాల్ రిఫరీగా చేశాడు. మొన్న పార్కులో ఎవరినో చూసి 'సంతోషం' అన్నాడు. ఆడుతున్న వాళ్ళంతా ఫౌల్ అనుకుని ఆగిపోయారు. ఫౌల్ ఎవరిదో తేల్చుకోలేక కొట్టుకున్నారు. పైగా చిగుళ్ళు నొక్కుతున్నాయట, ఏదీ నమల్లేనంటున్నాడు."

"మరి ఏం తింటున్నారు?"

"టీవీలో చూశాడు. బంగాళాదుంపలు బేక్ చేసి, పాలూ చీజూ క్రీమూ వేసి చేసే సూపు. అదొక్కటే గొంతు దిగుతుందట. రెండుసార్లు చేశాను."

"బాగా వచ్చిందా?"

"మొదటిసారి దుంప ఒవెన్‌లో పేలింది. రెండోసారి గడ్డలు కట్టింది. మూడోసారి మీరు చేస్తారు."

"నేనా?"

"నోరు పాడుచేసింది మీరేగా? కొత్త పళ్ళు వచ్చేదాకా ఆ నోటికి మీదే పూచీ. సాయంత్రం ఆరింటికి."

ఇది ఏ చట్టంలో ఉందని అడగొచ్చు. పళ్ళబ్బాయి అడగలేదు. అయిదున్నరకల్లా కనుబొమలు కడుక్కుని, ఉన్నవాటిలో మరకలు లేని చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

* * *

రెండో అంతస్తులో ఇల్లు. సోఫాలో తాతయ్య, చేతిలో రిమోట్, టీవీలో ఎవరిదో వంట.

"నువ్వేనా నా నోట్లో విజిల్ పెట్టింది?"

"నేనేనండీ, తాతగారూ. ఓసారి నోరు తెరవండి."

టార్చి వేసి చూశాడు. ముందు పళ్ళ వెనకాల, అంగిలి దగ్గర సెట్టు మందం తగ్గింది. గాలి అక్కడి నుంచే తప్పించుకుంటోంది. తప్పు తనదే. దాన్ని ఒప్పుకున్నాడు కూడా. కానీ చిగుళ్ళు చూస్తే నిగనిగలాడుతున్నాయి.

"నొప్పి ఎక్కడండీ? ఎక్కడా ఎర్రగా లేదే."

"లోపల."

"లోపలంటే?"

"బాగా లోపల," అన్నాడు తాతయ్య, టీవీ వైపు మొహం తిప్పుకుని.

కొత్త సెట్టుకి నాలుగు రోజులు పడుతుందనీ, అంతవరకూ బయటికి వెళ్ళేటప్పుడు పాతదే పెట్టుకోమనీ చెప్పి పళ్ళబ్బాయి వంటింట్లోకి వెళ్ళాడు. డ్రైవింగ్ మేడమ్ అక్కడ ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడింది. ఆ వంటింట్లో ఆమె వంట చెయ్యదు, వంట నేర్పుతుంది.

"దుంపలు కడిగి తుడవండి. నూనె రాయండి. ఫోర్కుతో పొడవండి. ఇంకా గట్టిగా! భయపడకండి, అది మిమ్మల్ని తిరిగి పొడవదు."

దుంపలు ఒవెన్‌లోకి వెళ్ళాయి. గంటసేపు వేడెక్కి, తొక్క ముడతలుపడి, లోపల పిండిపిండిగా అయ్యాయి. రెండుగా కోసి స్పూనుతో గుజ్జు తీస్తుంటే వేళ్ళు కాలి పళ్ళబ్బాయి చిందులేశాడు. గిన్నెలో వెన్న కరిగించి, ఉల్లిపాయా వెల్లుల్లీ మగ్గించి, మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించమంది ఫోన్. ఆ తర్వాత పాలు. ఆమె మొన్న బోల్తాపడింది ఈ మలుపులోనే.

"మెల్లగా పొయ్యండి. గడ్డ కడుతుంది. మెల్లగా అన్నానా!"

"మేడమ్, పొడినీ నీళ్ళనీ ఉండలేకుండా కలపడమే నా బతుకు. మీరు కాస్త బ్రేకు మీంచి కాలు తియ్యండి."

ఆమె నోరు మూసింది. పదేళ్ళలో పక్కవాడు డ్రైవ్ చేస్తుండగా ఆమె నోరు మూసుకోవడం అదే మొదటిసారి. పాలు సన్నటి ధారగా పడుతున్నాయి, గరిటె అంచు వెంబడే తిరుగుతోంది, మైదా ఎక్కడా అలగలేదు. దుంపల గుజ్జు మెదిపి కలిపాడు, మిరియాలు చల్లాడు, స్టవ్ ఆపి తురిమిన చీజు వేశాడు, ఆఖర్న క్రీమ్. అంతా అయ్యాక గిన్నెని ఎత్తి గట్టుకేసి టకటకా కొట్టడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"బుడగలు పైకి రావాలండీ. లేకపోతే పంటిమీద గుంట పడుతుంది."

"సూపులో పన్నేంటండీ?"

పళ్ళబ్బాయి గిన్నె దించాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె గట్టుకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో పై వరసలో ఎడమవైపు రెండో పన్ను, పక్కదాని మీదికి కొంచెం ఎక్కి కూర్చుని, అతనికి కనిపించింది. అంతే. రోజుకి వంద పళ్ళు చూసే మనిషి, ఒక్క పన్ను దగ్గర పడిపోయాడు.

తాతయ్య మూడు గిన్నెలు తిన్నాడు. నాలుగోది అడగబోతే మనవరాలు గిన్నె లాగేసుకుంది.

* * *

నాలుగో రోజు మధ్యాహ్నానికి కొత్త సెట్టు తయారైంది. చక్కగా వచ్చింది. డెంటిస్టు ఫోన్ చేసి అడిగితే అయిపోయిందని కూడా చెప్పాడు. ఇంక సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చేస్తే సరి.

ఇచ్చేస్తే రేపట్నుంచి ఆ ఇంటికి వెళ్ళడానికి ఏ కారణమూ ఉండదు. ఈ సంగతి అతనికి సెట్టుని డబ్బాలో పెడుతుండగా తట్టింది. డబ్బాని రెండో సొరుగులో పెట్టి మూసేశాడు.

"రంగు కుదర్లేదండీ," అన్నాడు ఆ సాయంత్రం, దుంపలు పొడుస్తూ.

ఆరో రోజు కింది దవడ పన్ను ఒకటి ఎత్తు ఎక్కువైంది. ఎనిమిదో రోజు ప్లాస్టర్ ఆరలేదు, వాన కదా. రోజంతా క్లచ్చుల గురించి అబద్ధాలు వినే మనిషి, పళ్ళ గురించి ఏం చెప్పినా నమ్మేసింది. అలా నమ్ముతుంటే పళ్ళబ్బాయికి సిగ్గేసేది. సిగ్గు పడుతూనే మర్నాడు అయిదున్నరకి చొక్కా మార్చుకునేవాడు.

ఎనిమిదో రోజు వాన నిజమే. ఎదురింటి డాబాలు కనపడనంత వాన. ఇద్దరూ వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఒవెన్‌లో దుంపలు అయ్యేదాకా జల్లు మొహాన కొట్టించుకున్నారు.

"మీరు మనుషుల్ని దేన్నిబట్టి గుర్తుపెట్టుకుంటారు? పళ్ళని బట్టేనా?" అంది.

"పళ్ళని బట్టే. మొహాలు మర్చిపోతాను."

"నావి ఎలా ఉన్నాయి?"

"పై వరస ఎడమవైపు రెండోది పక్కదాని మీదికి ఎక్కింది."

"అంటే బాగాలేవన్నమాట." ఆమె మూతి బిగించింది.

"దాన్ని ఎవరైనా సరిచేస్తానంటే చెప్పండి. వెళ్ళి వాడితో పోట్లాడతాను."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికి వాన తప్ప ఏమీ లేదు, అయినా చాలాసేపు చూసింది. లోపల్నుంచి తాతయ్య, "సూపు సంగతి ఏమైంది?" అని రెండు ఈలలతో కేకేశాడు.

* * *

పదకొండో రోజు క్రీమ్ అయిపోతే ఆమె తేవడానికి కిందికి వెళ్ళింది. పళ్ళబ్బాయి చీజు కోసం ఫ్రిజ్ తెరిచాడు. చీజు దిమ్మ మూలన ఎవరో కొరికిన గుర్తు ఉంది. ఫ్రిజ్‌లో గట్టిపడి ఇటుకలా ఉన్న చీజు. దానిమీద పళ్ళ వరస అచ్చు గుద్దినట్టుంది. ఎడమ కోరపన్ను కొస దగ్గర చిన్న వంకర.

ఆ వంకర అతను పెట్టిందే. మరీ చక్కగా ఉంటే అసలు పళ్ళలా ఉండవని, చేసే ప్రతి సెట్టులోనూ ఎక్కడో ఒకచోట చిన్న వంకర పెడతాడు. ఎవరికి ఏది పెట్టాడో అతనికి కంఠతా వచ్చు. చీజు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాడు.

"తాతగారూ, దీన్ని ఎవరు కొరికారు?"

తాతయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఎలక," అన్నాడు.

"ఎలకకి నేను పళ్ళు చెయ్యలేదండీ."

తాతయ్య టీవీ ఆపేశాడు.

"నొప్పి ఎన్నాళ్ళ నుంచి లేదు?"

"అసలు ఎప్పుడుందని?"

"మరి ఇదంతా ఎందుకండీ?"

"ఓట్స్, పళ్ళబ్బాయ్! ఏడాదిగా ఓట్స్. పొద్దున నీళ్ళలో, సాయంత్రం పాలల్లో. అమ్మడు ఫోన్‌లో ఏదో చదివింది. ఈ ఇంట్లో నేను వెన్న మొహం చూసి ఏడాదైందయ్యా. నమల్లేనంటే తప్ప గిన్నెలో వెన్న పడలేదు."

"పాపం ఆవిడ మీరేదో అయిపోతున్నారని బెంగపెట్టుకుంటే మీరు..."

"ఆగాగు. డాక్టరు నిన్న వచ్చాడు. ఫోన్ చేశాను. నా సెట్టు వారం కిందటే అయిపోయిందటగా?"

పళ్ళబ్బాయి చీజుని వెనక్కి దాచుకున్నాడు.

"ఎక్కడ పెట్టావ్?"

"రెండో సొరుగులో."

"మంచిపని చేశావు. అక్కడే ఉండనీ. నువ్వు నోరు మెదపకు, నేనూ మెదపను."

"నేనెందుకు దాచానో మీకు తెలీదా?"

"సూపు చెయ్యడం అంటే సరదా అనుకున్నాను. ఇంకేమైనా ఉందా?"

ఏమీ లేదన్నాడు పళ్ళబ్బాయి. వంటింట్లోకి వెళ్ళి, పంటిగాటు ఉన్న మూలని కోసి గిన్నెలోకి తురిమేశాడు. సాక్ష్యం కరిగిపోయింది.

ఆమె క్రీమ్ తెచ్చింది. కళ్ళకింద నల్లగా ఉంది. గట్టుకి చేరబడి, "ఇవాళ ఏమైందో తెలుసా?" అంది నవ్వుతూ. "పొద్దున్న క్లాసులో స్టూడెంటు పక్కన కూర్చుని నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ఓ చెత్తకుండీ అద్దంలోంచి నావైపు చూస్తోంది. గుద్దేశాడు."

"పొద్దున్న క్లాసేంటి?"

"సాయంత్రం ఆరింటి బ్యాచ్‌ని పొద్దున అయిదింటికి మార్చానుగా. రెండోరోజే మార్చాను. తాతయ్యకి సూపు పడాలి కదా. నాలుగింటికి లేస్తున్నాను." నవ్వు మధ్యలోనే ఆగింది. "నా వైపూ బ్రేకు ఉంటుంది. దానిమీద కాలు వేసే ఉంచాను. కానీ నిద్రపోయాను. అక్కడ చెత్తకుండీ బదులు మనిషుంటే?"

పళ్ళబ్బాయి ఆమె చేతిలోంచి క్రీమ్ డబ్బా తీసుకున్నాడు. దాన్ని పక్కన పెట్టి, స్టవ్ ఆపాడు. ముందుగదిలోంచి తాతయ్య గట్టిగా దగ్గాడు. అయినా ఆగలేదు.

"సెట్టు వారం కిందటే అయిపోయిందండీ. నాలుగో రోజుకే."

"ఏ సెట్టు?"

"తాతగారిది. నా సొరుగులో ఉంది. రంగూ, దవడపన్నూ, ప్లాస్టరూ, అన్నీ అబద్ధాలే. ఇచ్చేస్తే ఇంక ఇక్కడికి రావడం ఉండదని దాచాను. మీరంటే నాకు ఇష్టం. ఆ మాట చెప్పడానికి ధైర్యం చాలక పళ్ళు దాచాను. మీరు నాలుగింటికి లేస్తున్నారని తెలీదు. తెలుసుకోవాల్సింది."

ఆమె అతని మొహంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది.

"వెళ్ళండి," అంది.

వెళ్ళాడు. పావుగంటలో డబ్బాతో తిరిగొచ్చి గుమ్మంలోంచే అందించాడు. ఆమె తీసుకుని తలుపు వేసింది. చీజు సంగతి అతను ఎత్తనేలేదు.

* * *

ఆ వారం చేసిన సెట్లన్నీ ఏడుపుమొహం పెట్టాయని డెంటిస్టు చివాట్లేశాడు. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి చేతులు వాటంతటవే పని ఆపేసేవి. కాసేపు కిటికీ వైపు చూసి, మళ్ళీ మైనం అందుకునేవాడు. ఆమె మీద కోపం లేదు. తనమీద ఉన్నది తగ్గలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం బయట కారు ఆగింది. ఆమె వచ్చి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"తాతయ్య ఒప్పుకున్నాడు. ఎలకతో సహా."

"ఎలా?"

"వరసగా అయిదు రోజులు ఓట్స్ పెట్టాను. నిన్న సాయంత్రం స్పూను విసిరేసి అంతా చెప్పేశాడు. నిజం చెప్తే సూపు వస్తుందనుకున్నాడు పాపం."

"వచ్చిందా?"

"ఓట్సే వచ్చింది." నవ్వొచ్చినట్టుంది, మింగేసింది. "ఆయన నాటకం మీకు ఆ రోజే తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా తప్పు సగమైపోయినట్టు కనిపిస్తుందండీ. అది సగం కాదు."

ఆమె చూపు కిందికి దించింది. టేబుల్ మీద ఎవరిదో కింది దవడ, రెండు పళ్ళు తక్కువగా, ఇద్దరినీ చూస్తోంది.

"నాకింకా కోపం పోలేదు. ఆ బ్యాచ్ తాతయ్య కోసం మార్చానని అందరికీ చెప్పాను. నాకు నేనూ చెప్పుకున్నాను. కాదు. ఆరింటికి తలుపు తెరిస్తే మీరు ఉండాలని మార్చాను. ఆ రోజు ఆ మాటే చెబుదామనుకుంటూ క్రీమ్ పట్టుకుని మెట్లెక్కాను. మీరు ముందు సొరుగు సంగతి చెప్పారు."

పళ్ళబ్బాయి వేళ్ళ మధ్య మైనం ముద్ద చదునైపోయింది.

"అన్ని వంకలు ఎందుకండీ? రంగట, ప్లాస్టరట! 'రేపు కూడా రావచ్చా' అని అడిగితే సరిపోయేదిగా?"

"వద్దంటారేమోనని..."

"అంటే అంటాను. వద్దనడానికి నాకో వీలు ఉండాలి కదా? అది మీరు నాకు ఇవ్వలేదు. ఆయనా ఇవ్వలేదు. మీ ఇద్దరి మీదా నా కోపం అదే."

పళ్ళబ్బాయి మైనం కింద పెట్టాడు. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"రేపు మీ ఇంటికి రావచ్చా అండీ?"

"వద్దు."

ఆమె అతనివైపే చూస్తోంది. సూపు కోసమని అనొచ్చు, తాతగారి సెట్టు ఎలా ఉందో చూడాలని అనొచ్చు, అలాంటివి వెతికితే వంద దొరుకుతాయి. అతను ఒక్కటీ వెతకలేదు.

"సరేనండీ," అన్నాడు.

ఆమె ఇంకో నిమిషం ఆగింది. అతను ఇంకేమీ కలపలేదు. అప్పుడు లేచింది. మొదటిసారి ఆ గదిలో ఆమె మొహం సడలింది.

"రేపు వద్దు. బ్యాచ్ మళ్ళీ సాయంత్రానికి మార్చేశాను, రేపట్నుంచి క్లాసుంది. ఇవాళ లేదు. కారు బయటే ఉంది, రండి."

పళ్ళబ్బాయి కనుబొమల మీద ప్లాస్టర్ అలాగే ఉంది. చొక్కా నిండా మరకలే. అవేవీ గుర్తులేవు. టేబుల్ మీద లైటు ఆర్పకుండా, తలుపు బార్లా తెరిచే వదిలేసి వెళ్ళి కారెక్కి కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది, లైటు ఆర్పింది, తలుపు వేసి తాళం పెట్టి, ఆ తాళంచెవిని తన కారు తాళాలతో పాటే వేలికి తగిలించుకుని వచ్చింది.